మూడో ప్రకటన

ఆ ఆదివారం తెల్లవారి నేను తల దువ్వుకుని బయటికొచ్చేసరికి అత్తయ్య ఇస్త్రీ చీర కట్టుకుని, జిప్పు బైబిలు ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. 

"ఎక్కడికత్తయ్యా?" అన్నాను, తెలియనట్టు.

"నీతోటే. కానూరికి" అంది.

నేను పిలవలేదు. పిలిచే ధైర్యం నాకు లేదు. ఎందుకంటే అత్తయ్య అంటే తొమ్మిదేళ్ళ కిందట చనిపోయిన నా భర్తకి తల్లి. నేను కానూరు వెళ్తున్నది నా రెండో పెళ్ళి పని మీద.

మా చర్చిల్లో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. ఫలానా వారి కుమార్తెకీ, ఫలానా సంఘంలోని ఫలానా ఆయనకీ వివాహం నిశ్చయమైంది, న్యాయమైన అభ్యంతరం ఎవరికైనా ఉంటే ఇప్పుడే చెప్పండి అని అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, అడుగుతారు. అడిగి కళ్ళద్దాల మీదుగా జనం వైపు చూస్తూ కాసేపు ఆగుతారు. చిన్నప్పటి నుంచీ ఎన్ని ప్రకటనలు విన్నానో. ఆ ఆగిన కాసేపూ నాకెప్పుడూ నవ్వులాటగానే ఉండేది, ఎవరు లేస్తారా అని పక్కదాన్ని గిల్లేదాన్ని. మొదటి పెళ్ళికి నా పేరు చదివినప్పుడూ అంతే. అదే పేరు రెండోసారి చదివితే ఎలా ఉంటుందో నలభై ఒకటో ఏట తెలిసింది. మా ఊరి చర్చిలో మూడు వారాలూ ఆ నిశ్శబ్దంలో నేను చూసింది అయ్యగారిని కాదు, నా ముందు వరసలో చాప మీద కూర్చున్న అత్తయ్య వీపుని. ఆమె కదలలేదు. మూడుసార్లూ తల దించుకునే ఉంది.

ప్రకటన ఇద్దరి సంఘాల్లోనూ చదవాలి. కానూరులో, నేను చేసుకోబోయే ఆయన సంఘంలో రెండుసార్లు అయింది, మూడోది ఆ ఆదివారం. పెళ్ళి మంగళవారం. బుధవారంతో ఈస్టరుకి ముందు వచ్చే శ్రమల దినాలు మొదలవుతాయి, ఆ నలభై రోజులూ మా చర్చిల్లో పెళ్ళిళ్ళు చెయ్యరు. కానూరు అయ్యగారు పాతకాలపు మనిషి. మా ఊళ్ళో మూడుసార్లూ చదివామనీ, ఎవరూ అభ్యంతరం చెప్పలేదనీ మా అయ్యగారు సంతకం పెట్టి, ముద్ర వేసిన కాగితం తన చేతిలో పడితే తప్ప మూడో ప్రకటన చదవనన్నాడు. ఫోటో తీసి పంపితే, "ఫోనులో వచ్చిన ముద్ర ముద్ర కాదు" అన్నాడట. మా అయ్యగారికేమో ఏడు ఊళ్ళ సంఘాలు, వారమంతా మీటింగులు. ఆయన దొరికి సంతకం పెట్టేసరికి శనివారం సాయంత్రం అయింది.

అంటే ఆ కాగితం ఆదివారం ఆరాధనలో ప్రకటనల వేళకి కానూరు చేరాలి. చేరకపోతే పెళ్ళి ఈస్టరు తర్వాతికి పోతుంది. నలభై రోజుల్లో కొంపలేం మునుగుతాయి అని మీరనొచ్చు. నా సంగతి నాకు తెలుసు. ఎనిమిది నెలలు కూడదీసుకున్న ధైర్యం అది. ఇంకో నలభై రోజులు ఊళ్ళోవాళ్ళ చూపుల మధ్య, అత్తయ్య మౌనం మధ్య నిలవదు. ఆగితే ఆగిపోతాను.

ఆ కాగితం ఎక్కడుందంటే అత్తయ్య జిప్పు బైబిల్లో ఉంది. రాత్రే నా చేతిలోంచి తీసుకుని అందులో పెట్టేసింది. "నీ హ్యాండ్ బ్యాగులో పడితే పరీక్ష పేపర్ల మధ్య కలిసిపోద్ది" అంది. నేను బడి పంతులమ్మను, నా బ్యాగు గురించి ఆమె అన్నది నిజమే. కానీ ఇవ్వాల్సింది కాదని రాత్రంతా అనుకున్నాను.

మా అత్తయ్య నోరు లేని మనిషేం కాదు. అరవై రెండేళ్ళు. మామిడి సీజన్లో షెడ్డులో గ్రేడింగ్ చేసే పదిహేనుమంది ఆడవాళ్ళకి ఆమే పెద్ద. కాయ చేత్తో పట్టుకుంటే ఎన్ని రోజుల్లో పండుతుందో చెబుతుంది. షెడ్డు ఈ మూల నుంచి అరిస్తే ఆ మూల వేలంపాటవాడు పాట ఆపుతాడు. అలాంటి మనిషి నా పెళ్ళి గురించి మూడు మాటలు మాట్లాడింది. చింతపండు ఈనెలు తీస్తూ కూర్చున్నప్పుడు చెప్పాను. ఎవరు అని అడగలేదు, ఎందుకు అని అడగలేదు. "ఎప్పుడు?" అంది. "ఎక్కడ?" అంది. కానూరు అని చెబితే "దూరమే" అంది. మళ్ళీ ఈనెలు తీసుకుంది. ఆ తర్వాత ఒక్క మాట లేదు. తిట్టినా బాగుండేది.

నా కూతురు ఎనిమిదో తరగతి. దానికి నాయనమ్మంటే ప్రాణం. పెళ్ళయ్యాక అది నాతో కానూరు వచ్చేస్తుంది. ఈ సంగతి అత్తయ్యకి చెప్పేటప్పుడు నేను గోడ వైపు చూస్తూ చెప్పాను.

ఆగిరిపల్లి వైపు నుంచి వచ్చే ఆరింటి బస్సుకి బయల్దేరాం. ఆడవాళ్ళకి ఉచితమయ్యాక ఆదివారం బస్సుల్లో కాలు పెట్టే చోటుండదు. అత్తయ్యకి కిటికీ పక్క సీటు దొరికింది, నేను ఆమె మీదికి వంగి నిలబడ్డాను. సూరంపల్లి దాకా రెండు వైపులా తోటలే. పిందె పడుతున్న రోజులు. ఆమె ప్రతి తోటనీ తేరిపార చూస్తూ, "దీనికి తేనెమంచు పట్టింది. మందు కొట్టించలేదు దరిద్రుడు" అని ఎవరినో తిట్టింది. తోటలు అయిపోయాక కూడా బయటికే చూస్తూ కూర్చుంది. నేను ఆమె చేతి కింది బైబిలు వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ జిప్పు రెండంగుళాలు తెరుచుకుని ఉంది.

పెద్ద బస్టాండులో దిగి బందరు రోడ్డు వెళ్ళే సిటీ బస్సెక్కాం. "ఏ నెంబరు బస్సిది?" అని అత్తయ్య నన్ను కాదు, కండక్టరమ్మాయిని అడిగింది. చెబితే మళ్ళీ అడిగింది. పటమట దాటాక కూడా ఇంకోసారి అడిగితే ఆ అమ్మాయి విసుక్కుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

కానూరుకి నేను అంతకు ముందు మూడుసార్లు వచ్చాను. మూడుసార్లూ ఆయనే కారులో బస్టాండు నుంచి తీసుకెళ్ళి, కారులోనే దింపాడు. ఆయనకి అక్కడ చిన్న ప్రింటింగు ప్రెస్సు ఉంది, పెళ్ళి కార్డులూ క్యాలెండర్లూ వేస్తాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. కారులో కూర్చుని చూసినప్పుడు కానూరు నాకు ఒక వెడల్పాటి రోడ్డు, దానికి రెండు వైపులా గాజు మేడలు, అంతే. దిగి నడిస్తే తెలిసింది అదేమిటో. డివైడరు దాటాలంటే అర కిలోమీటరు పోయి తిరగాలి. కాలేజీ హాస్టళ్ళ నుంచి పిల్లలు నైటుప్యాంట్లతోనే టిఫిను బళ్ళ చుట్టూ మూగారు. కోడిమాంసం కొట్ల ముందు క్యూలు, బిర్యానీ డేగిసాలు దించుతున్న వ్యానులు, ఫ్లాట్లకి సరుకులు మోసే బళ్ళ హారన్లు. ప్రతి సందు మొదట్లో కోచింగు సెంటరు బోర్డు, దాని కింద లేడీస్ హాస్టలు బోర్డు, దాని కింద ఇంకేదో. ప్రతి సందులోంచీ మైకులో పాట. ఆదివారం పొద్దున కానూరులో ఎన్ని చర్చిలున్నాయో ఆ పాటల్ని బట్టి లెక్కెయ్యడం మొదలుపెట్టి వదిలేశాను.

ఎనిమిదీ పది. ఎనిమిదిన్నరకి ఆరాధన. ఆయనకి ఫోను చేస్తే తియ్యలేదు. ఆయన పాటల బృందంలో ఉన్నాడు, ఆదివారం ఎనిమిది నుంచీ ఫోను ఆపేస్తాడని నాకు తెలుసు. తెలిసీ నాలుగుసార్లు చేశాను. కాలవ వైపు సందులోకి పోతే తెల్ల చర్చి, ఎవరినడిగినా చెబుతారు అని రాత్రి చెప్పాడు. చర్చి పేరు ఫోనులో కొడితే మ్యాపులో అదే పేరు రెండు చోట్ల కనిపించింది. మ్యాపు పిచ్చిదనుకున్నాను.

"ఆటో ఎక్కుదాం రండి" అన్నాను.

"నడుద్దాం" అంది అత్తయ్య.

"టైము లేదత్తయ్యా."

"దగ్గరేనన్నావుగా. నడుద్దాం."

నడిచింది, కానీ అది నడకా? పది అడుగులు వేస్తుంది, ఆగుతుంది. బోర్డు చదువుతుంది. ఆమెకి చదువు బైబిలుతోనే వచ్చింది, అక్షరం అక్షరం కూడబలుక్కుని పైకి చదువుతుంది. "కం... టి... ఆ... సు... పత్రి." చదివి, వెనక్కి తిరిగి వచ్చిన దారి చూస్తుంది. మళ్ళీ పది అడుగులు. టైర్ల కొట్టు దగ్గర ఆగింది. రంగుల ఇల్లు దగ్గర ఆగింది. ఒక టిఫిను బండి ఆవిడని, "ఈ బండి రోజూ ఇక్కడే పెడతావా అమ్మా?" అని అడిగింది. పెడితే మాకేం, పెట్టకపోతే మాకేం! నాకు ఒళ్ళు మండిపోయింది. కావాలనే చేస్తోంది అనిపించింది మొదటిసారి. నోటితో అడ్డు చెప్పే పని లేకుండా కాళ్ళతో చెబుతోంది అనుకున్నాను. అనుకున్నందుకు ఒకపక్క సిగ్గేసింది, ఇంకోపక్క కోపం తగ్గలేదు.

అప్పుడు గంట మోగింది.

మా ఊళ్ళల్లో చర్చికి మూడు గంటలు. మొదటి గంటకి స్నానాలు, రెండో గంటకి బయల్దేరడం, మూడో గంటకి లోపల కూర్చోవడం. ఊరికి ఒకటే చర్చి కాబట్టి గంట ఎక్కడ మోగితే అక్కడికి పోవడమే మాకు తెలుసు. అత్తయ్య చెయ్యెత్తి, "అదిగో, మూడో గంట" అని ఎడమ సందులోకి తిరిగింది. నేనూ వెనకే పరిగెత్తాను. తెల్ల చర్చే. గంట స్తంభం ఉంది. గుమ్మం మీద ఆయన చెప్పిన పేరే ఉంది. ప్రాణం లేచొచ్చింది.

గుమ్మం దగ్గర నిలబడ్డ సంఘపెద్దకి వందనాలు చెప్పి, "పెళ్ళి ప్రకటన కాగితం తెచ్చామండీ" అన్నాను. "అయ్యగారు వేదిక ఎక్కేశారమ్మా. ప్రకటనలప్పుడు నేను తీసుకెళ్తా, కూర్చోండి" అన్నాడు. ఆడవాళ్ళ వైపు చివరి బల్ల మీద కూర్చున్నాం.

మొదటి పాట అయ్యేదాకా బానే ఉన్నాను. రెండో పాటలో పాటల బృందం వైపు చూశాను. తొమ్మిదిమంది మగవాళ్ళు, ఆయన లేడు. స్తంభం అడ్డమేమో అని పక్కకి జరిగి చూశాను. లేడు.  ఒంట్లో బాలేదేమో అనుకున్నాను. ఇంతలో అయ్యగారు ప్రకటనలు మొదలుపెట్టాడు. స్త్రీల కూటమి గురువారం అన్నాడు. ఆదివార బడి పిల్లల పరీక్ష అన్నాడు. "వివాహ ప్రకటన" అన్నాడు. నేను బల్ల అంచు పట్టుకున్నాను. ఎవరో ఇద్దరి పేర్లు చదివాడు. అభ్యంతరం ఉందా అన్నాడు, ఆగాడు, కాగితం మడిచాడు. "ప్రార్థన చేద్దాం" అన్నాడు.

నా పేరు లేదు.

ఆ ప్రార్థనలో ఒక్క ముక్క నాకు వినపడలేదు. ఆయన వెనక్కి తగ్గాడు. లేకపోతే నా భర్త పెదనాన్న కొడుకులెవరో వచ్చి ఇక్కడ చెప్పాల్సింది చెప్పి పోయారు. పోయిన వారమే అడ్డు పడి ఉంటారు, ఆయన మొహమాటపడి నాకు చెప్పలేదు. అందుకే ఫోను తియ్యలేదు. నాలుగు నిమిషాల్లో నా పెళ్ళి చెడిపోవడానికి ఆరు కారణాలు నేనే తయారుచేశాను. పక్కకి తిరిగి అత్తయ్యని చూశాను. కళ్ళు మూసుకుని ఉంది, పెదాలు కదులుతున్నాయి. రెండు చేతులూ బైబిలు మీద ఉన్నాయి. ఈమెకి ముందే తెలుసు, అందుకే వచ్చింది అనుకున్నాను. భయంలో మనిషి బుద్ధి ఎంత నీచంగా పనిచేస్తుందో ఆ బల్ల మీద నాకు తెలిసింది.

ప్రార్థన అవగానే సంఘపెద్ద వంగి వచ్చాడు. "ఏదమ్మా కాగితం?" అత్తయ్య జిప్పు తీసి ఇచ్చింది. ఆయన అద్దాలు పైకి తోసుకుని చదివాడు, మొహం ముడుచుకుంది.

"ఇది మాది కాదమ్మా. వాళ్ళది."

"వాళ్ళెవరండీ?"

"కాలవగట్టు వాళ్ళు. పేరు అదే పెట్టుకున్నారు."

ఒక సంఘం రెండుగా చీలిందట. ఎందుకు చీలిందో ఆయన చెప్పబోయాడు, నేను విననన్నట్టు లేచి నిలబడ్డాను. మా వాళ్ళు దెబ్బలాడుకుని వేరే చర్చి కట్టుకుంటారు కానీ పేరు మాత్రం ఎవరూ వదులుకోరు. మ్యాపు పిచ్చిది కాదు, నేనే. ఆయన తగ్గలేదు, ఎవరూ అడ్డు పడలేదు, నేను కూర్చున్న చర్చే వేరు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"వాళ్ళు ఈపాటికి చదివేసి ఉంటారా?" అని అడిగాను.

ఆయన మొదటిసారి కొంచెం నవ్వాడు. "వాళ్ళకి ప్రసంగం అయ్యాకే ప్రకటనలు. విడిపోయాక మేమే ముందుకు మార్చుకున్నాం. తొమ్మిదిన్నర అవుద్ది. ఎళ్ళండి, ఎళ్ళండి."

అప్పటికి తొమ్మిది దాటింది. ఈసారి అత్తయ్యని అడగకుండా ఆటో ఆపాను. కాలవగట్టు చర్చి అన్నాను. ఎక్కగానే అది సందులోంచి మెయిన్ రోడ్డు మీద పడింది, డివైడరు కోసం అటు పోయింది, తిరిగి ఇటు వచ్చింది, చేపల బజారు దగ్గర ఆగిపోయింది. ముందు వ్యాను, వెనక కారు, పక్కన ఇంకో ఆటో. డ్రైవరు ఇంజను ఆపేసి ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు. నేను దిగిపోయాను. దిగాక ఎటు పోవాలో తెలియలేదు. మ్యాపు తెరిస్తే నీలం చుక్క కాలవలో ఉంది.

"ఇటు రా" అంది అత్తయ్య.

"మీకేం తెలుసు అత్తయ్యా!" అని అరిచాను. బజార్లో అందరూ చూశారు. ఇన్నేళ్ళలో ఆమె మీద గొంతు లేపడం అదే మొదలు.

ఆమె పట్టించుకోలేదు. "అదిగో కంటాసుపత్రి. దాని పక్కన టైర్ల కొట్టు. దాని ఎదురు సందులోంచి కాలవ కనపడింది నాకు పొద్దున. నీళ్ళ వాసన వచ్చింది. రా" అని నడిచింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. మోకాలి నొప్పి ఉన్న మనిషి, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో బైబిలు గుండెకి అదుముకుని, సీజన్లో లారీ వచ్చిందంటే షెడ్డులో నడిచే నడక నడిచింది. ఆ వెనక నేను. సందు చివర కాలవ, కాలవ పక్కన తెల్ల చర్చి. ఇదీ తెల్లదే.

గుమ్మం చేరేసరికి లోపల మైకులో ముసలి గొంతు వినిపిస్తోంది.

"...ఆగిరిపల్లి వైపు సంఘం నుంచి రావలసిన పత్రం ఇంతవరకు అందనందున, ఈ మూడవ ప్రకటనను..."

 నేను నోరు తెరిచాను, గాలి తప్ప ఏమీ రాలేదు. 

"తెచ్చామండీ!" అని అరిచింది అత్తయ్య.

షెడ్డు గొంతు. అయ్యగారు కాగితం వదిలేశాడు. మూడొందల తలలు వెనక్కి తిరిగాయి. అత్తయ్య చెప్పులు విడిచి, బల్లల మధ్య దారిలో తిన్నగా నడుచుకుంటూ వేదిక దాకా పోయి, జిప్పు తీసి, కాగితం రెండు చేతులతో ఇచ్చింది. పాటల బృందంలో ఆయన లేచి నిలబడ్డాడు. నేను గుమ్మం దగ్గరే ఉండిపోయాను. 

అయ్యగారు కాగితం చదివాడు. ముద్ర మీద బొటనవేలితో రుద్ది చూశాడు. తలాడించాడు. నా పేరు, మా నాన్న పేరు, మా ఊరి పేరు, ఆయన పేరు చదివాడు. "ఇది మూడవ ప్రకటన. వీరి వివాహానికి న్యాయమైన అభ్యంతరం ఎవరికైనా ఉన్న యెడల ఇప్పుడే తెలియజేయవలెను" అన్నాడు. అని ఆగాడు.

అత్తయ్య ఇంకా అక్కడే నిలబడి ఉంది.

వెనక్కి వచ్చి కూర్చోవచ్చు. పక్కకైనా జరగొచ్చు. కదలలేదు. అయ్యగారు ఆమె వైపు చూశాడు. "అమ్మా, మీరు పెళ్ళికూతురికి ఏమవుతారు?"

"అత్తగార్నండీ."

బల్లల మీద గుసగుస లేచింది. అయ్యగారు అద్దాలు తీశాడు. "మీరేమన్నా చెప్పాలా?"

"చెప్పాలండీ" అంది.

అంతే, అయిపోయింది అనుకున్నాను. ఇందుకే వచ్చింది, మా ఊళ్ళో మా పరువు తియ్యకుండా ఇంతదూరం వచ్చి ఇక్కడ చెబుతోంది. ద్వారబంధం పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఆమె ఏం చెప్పినా న్యాయమే అని కూడా అనుకున్నాను. కొడుకుని పోగొట్టుకున్న మనిషి, ఇప్పుడు మనవరాల్ని కూడా తీసుకుపోతున్నాను.

"నా కొడుకు పోయాక ఈ పిల్ల పుట్టింటికి పోలేదండీ. తొమ్మిదేళ్ళు నాతోటే ఉంది" అంది అత్తయ్య. మైకు లేకపోయినా గుమ్మం దాకా వినపడింది. "ఇయ్యాళ నేనే తీసుకొచ్చాను. అదీ రాసుకోండి మీ పుస్తకంలో."

చెప్పేసి వెనక్కి తిరిగి వచ్చి, ఆడవాళ్ళ వైపు ఖాళీ ఉన్న చోట కూర్చుని, నన్ను చేత్తో పిలిచింది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. "కళ్ళు తుడుచుకో, జనం చూస్తన్నారు" అంది.  ఆమె నొప్పి మోకాలి మీద నేను చెయ్యి వేస్తే తీసెయ్యలేదు.

ఆరాధన అయ్యాక ఆయన పరిగెత్తుకొచ్చాడు. ఫోను తియ్యనందుకు పదిసార్లు క్షమించమన్నాడు. అత్తయ్యకి వంగి వందనాలు చెప్పాడు, ఏమని పిలవాలో తెలియక "అమ్మా" అన్నాడు. కారు తెస్తాను, ఊరిదాకా దింపుతాను అన్నాడు.

"వద్దు బాబూ, బస్సుకే పోతాం" అంది అత్తయ్య. "నేను వచ్చిందే దారి చూసుకుందామని. కార్లో పోతే దారేం తెలుద్ది?"

ఆయనకి అర్థం కాలేదు. నాకు అయింది. మంగళవారం తర్వాత ఆ దారిన ఆమె ఒక్కతే వచ్చిపోవాలి. బస్సు నెంబరు, కంటి ఆసుపత్రి, టైర్ల కొట్టు, టిఫిను బండి ఆవిడ రోజూ అక్కడే ఉంటుందా లేదా. నేను గడియారం చూసుకుంటూ పళ్ళు కొరుకుతుంటే, ఆమె మనవరాలి దగ్గరికి వచ్చే దారిని అక్షరం అక్షరం నేర్చుకుంటోంది. మూడు వారాలు ఆమె వీపు చూస్తూ కూర్చున్నాను కానీ ఒక్క రోజు ఎదురుగా కూర్చుని, మేం పోయాక మీరెలా ఉంటారత్తయ్యా అని అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

తిరిగి వచ్చేటప్పుడు నన్ను వెనక నడవమంది. "నువ్వేం చెప్పకు. తప్పు పోతే అప్పుడు చెప్పు" అంది. తప్పు పోలేదు. రంగుల ఇల్లు దగ్గర ఒక్క క్షణం తటపటాయించి కుడికి తిరిగింది. మెయిన్ రోడ్డు మీద ఎండ చిటపటలాడుతోంది. బస్సు ఆగే చోట గొడుగంత నీడ లేదు. బిర్యానీ కొట్టు పట్టా కింద నిలబడ్డాం.

"మీరు కూడా ఇక్కడికే రండత్తయ్యా, మాతో ఉండండి" అన్నాను. చెప్పాల్సినప్పుడు చెప్పని మాట, రోడ్డు మీద హారన్ల మధ్య చెప్పాను.

"రెండు నెలల్లో కాయ దిగుద్ది. షెడ్డులో ఎవరు చూస్తారు?" అంది. వేళ్ళు మడిచి లెక్కేసింది. "రెండు బస్సులు. రెండుంబావు గంటలు. పొద్దున్నే బయల్దేరితే పిల్ల చర్చికి పొయ్యే టైముకి వచ్చెయ్యొచ్చు. సాయంత్రం బస్సుకి పోవచ్చు."

"ప్రతి ఆదివారం రండి."

 ఆమె పైట చెంగుతో మెడ తుడుచుకుంది. బస్సు వస్తుందేమో అని రోడ్డు వైపు చూసింది. పదిహేనుమందిని నోటితో నడిపించే మనిషి, ఇందాక మూడొందలమంది ముందు గొంతెత్తిన మనిషి, నా వైపు చూడకుండా, నాకు మాత్రమే వినపడేలా అడిగింది.

"నేనట్టా వచ్చిపోతుంటే, ఆయనకేమన్నా అభ్యంతరమా అమ్మాయ్?"